తిన్నదంతా ఏమైపోతోంది

కొత్తగా డాక్టర్లవుతున్న పిల్లలకు ముందుగానే చెప్పేస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ మంత్రిగారు నన్ను మెచ్చుకున్నారో ఇందులో ఉండదు. మొదటిది ఆలస్యంగా వచ్చింది, రెండోది జరగనే లేదు. నేను రాయబోయేది ఆకలి గురించి. రక్తం కేన్సర్ గురించి రాస్తానని కూర్చుని ఆకలి గురించి రాస్తోందేమిటీ ముసలమ్మ అనుకుంటారేమో. అనుకోండి. రోగి ఆకలి సంగతి అడగని డాక్టరుకు ఆ జబ్బు సగమే తెలుసని నేను ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను.

నేను కడపలో పుట్టి, మద్రాసులో చదువుకుని, పంతొమ్మిది వందల యాభైల్లో మొదట కడపలోనూ తర్వాత కర్నూలులోనూ పనిచేశాను. ఏ ఆసుపత్రో చెప్పను. అప్పటి పెద్ద డాక్టరుగారి మనవళ్లు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. ఆ రోజుల్లో ఆడడాక్టరంటే కాన్పుల డాక్టరే. మాకు గుండె గురించీ రక్తం గురించీ అభిప్రాయాలు ఉండకూడదు. నాకు ఉండేవి. అదే నాకొచ్చిన చిక్కు.

బొటనవేలు

కడపలో నాకు దొరికిన పై డాక్టరు మంచివాడు. మంచివాడంటే మెత్తనివాడని కాదు, తిట్టేవాడు. కానీ ఆడామగా తేడా లేకుండా తిట్టేవాడు, అది నాకు గౌరవంగా ఉండేది.

ఒకసారి బండల గనిలో పనిచేసే మస్తాన్ అనే మనిషి కాలి బొటనవేలు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పితో వచ్చాడు. బండ మీద పడిందేమోనని అందరం అనుకున్నాం. గనిలో పనిచేసేవాడికి ఇంకేం పడుతుంది? "పడలేదమ్మా, అల్లా తోడు, ఏమీ పడలేదు" అంటాడు అతను. నేను కట్టు కట్టించబోతుంటే పై డాక్టరు ఆపారు.

"బొటనవేలు వాస్తే బొటనవేలే చూడాలని ఎవరు చెప్పారమ్మా నీకు? పొట్ట చూశావా? రక్తం చూశావా? నువ్వే చూడు, ఇంకొకరికి పంపకు."

పొట్ట మీద చెయ్యి వేస్తే ఎడమ డొక్కలో ప్లీహం గట్టిగా తగిలింది. మన జనం బల్ల అంటారే, అదే. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలుగా ఎర్రకణాల మధ్య తెల్లకణాల కోసం వెతుక్కోవాలి. ఇక్కడ ఎక్కడ చూసినా తెల్లకణాలే. రక్తం కేన్సర్‌ను నా కళ్లతో చూడటం అదే మొదలు.

బొటనవేలికీ దానికీ ఏమిటి సంబంధం? పై డాక్టరు మస్తాన్ మంచం పక్కనే నిలబడి చెప్పారు. తెల్లకణాలు అడ్డూ అదుపూ లేకుండా పుడతాయి, అంతే జోరుగా చస్తాయి. చచ్చిన కణాల చెత్తలోంచి యూరిక్ ఆసిడ్ తయారవుతుంది. అది రక్తంలో కరిగినంత కరిగి, మిగిలింది పలుకులుగా మారి కీళ్లలో దిగుతుంది, మూత్రపిండాల్లో దిగుతుంది. మాంసం తిని మద్యం తాగే పెద్దవాళ్ల జబ్బని పుస్తకాల్లో రాసుకున్న నొప్పి, జొన్న సంగటి తినే మస్తాన్‌కు అలా వచ్చింది. రక్తం కేన్సర్ అంటే రక్తంలోనే ఉండే జబ్బు కాదనీ, ఒంట్లో తిండి ఎలా ఖర్చవుతుందో, చెత్త ఎలా బయటికి పోతుందో ఆ మొత్తం లెక్కనే తలకిందులు చేసే జబ్బనీ నాకు అర్థమైంది.

మస్తాన్ ఎక్కువకాలం బతకలేదు. కానీ అతని వేలు నాకు నేర్పిన పాఠం కర్నూలులో పనికొచ్చింది.

అత్త చేసిన ఫిర్యాదు

కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ కొద్ది రోజుల మాట ఇది. ఊరినిండా డేరాలు, డేరాల్లో ఆఫీసులు. మా పెద్ద డాక్టరుగారికి పెద్దమనుషుల రక్తపోటు చూడటంతోనే పొద్దు గడిచిపోయేది. చలికాలంలో ఒకనాడు ఆలూరు వైపు నుంచి ముగ్గురు మనుషులు వస్తే, పొట్ట పెరిగింది కదా కాన్పు కేసేనని నా దగ్గరికి పంపారు; వచ్చి ఆడవాళ్ల వార్డు ముందు కూర్చున్నారు. ఉరుకుందమ్మ అనే పాతికేళ్ల కోడలు, ఆమె మొగుడు తిమ్మప్ప, అత్త నాగమ్మ. సొంత భూమిలో జొన్నా వేరుశనగా వేసుకునే రైతులు. ఇంట్లో తిండికి లోటు లేదు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

జబ్బేమిటని అడిగితే కోడలు నోరు తెరవకముందే అత్త అందుకుంది.

"ఇది రోగం కాదమ్మా, దొంగతనం. బువ్వకాడ కూచుంటే రెండు ముద్దలు తిని సాలంటాది. నేనట్ల దొడ్లోకి పోతానే సట్టిలో చెయ్యి పెడ్తాది. పొద్దంతా నమల్తానే ఉండాది. ఇంత తిన్నదానికి ఒంటికి రవ్వంతన్నా పట్టల్ల కదా? సూడు, సొప్పకట్టె అయిపోయినాది. తిన్నదంతా ఏమైపోతాందో నువ్వే సెప్పు. దీంట్లో ఇంకేందో కూచోని తింటాండాది."

తిమ్మప్ప తల దించుకుని, "సుగ్గిలో బాగనే ఉన్యాది మేడం. మూట ఎత్తేది" అన్నాడు. సుగ్గి అంటే వాళ్ల మాటలో పంట కోతల కాలం.

నేను వాళ్లిద్దరినీ బయట ఉండమని, ఉరుకుందమ్మను పక్క గదిలోకి తీసుకెళ్లాను. చలికాలం, పైగా పొద్దున పూట. అయినా ఆమె రవిక తడిసి ఒంటికి అంటుకుపోయింది. డొక్క మీద కాల్చిన వాతలు ఉన్నాయి. బల్లకు ఊళ్లో ఎవరో వేసినవి.

"రెండు ముద్దలకే ఎందుకు లేస్తావు?"

"ఈడికొచ్చి ఆనుకుంటాదమ్మా" అంటూ ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంగ దిగదు. మల్ల గడియసేపటికే ఆకలి. ఉత్త ఆకలి కాదు, సేతులు వణుకుతాయి. అడిగితే ఇప్పుడే గదా తింటివి అంటారు. అడిగేదానికి సిగ్గయి నేనే తీసుకుంటి. మా ఇంట్లో మొగోళ్లు తినకముందు ఆడది సట్టి ముట్టకూడదమ్మా. నేను ముడితి. దొంగనే."

ఆ చివరిమాట ఆమె ఎంత మామూలుగా అన్నదంటే నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు.

ముగ్గురు కలిసి లాక్కున్న కంచం

వాళ్లు ఆసుపత్రికి రాకముందూ, వచ్చాకా ఏం జరిగిందో వినండి. ఒళ్లు కాలిపోతోంది, చెమటలు, కప్పుకున్నది తీసి అవతల పారేస్తోంది. అత్త చూసి, వేడి చేసిందని తేల్చింది. మాంసం, బెల్లం, నువ్వులు, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి అన్నీ వేడి వస్తువులే కాబట్టి అన్నీ బంద్. సంగటి కూడా బరువని తీసేసి సగ్గుబియ్యం గంజి పోసింది. తర్వాత కాలివేలు నొప్పి మొదలైంది. ఊళ్లో మందిచ్చే ఆయన వాతమన్నాడు. పప్పూ వంకాయా మానిపించాడు. ఆసుపత్రికి వచ్చాక మా పెద్ద డాక్టరుగారు వార్డులోకి నడిచి వస్తూనే పొట్ట నొక్కి చూసి, మలేరియా బల్ల అన్నారు. క్వినైనూ, బార్లీ నీళ్లూ.

ఒక్కొక్కరిని విడిగా చూస్తే ఒక్కరూ దుర్మార్గులు కారు. అత్త మంచికే మాన్పించింది, వైద్యుడు మంచికే మాన్పించాడు, డాక్టరు మంచికే రాశాడు. ముగ్గురూ తలా ఒకటి తీసేస్తే ఆ పిల్ల కంచంలో మిగిలింది బార్లీ నీళ్లు. మనవాళ్లకు ఏ జబ్బొచ్చినా ముందు గుర్తొచ్చేది పథ్యం. ఏం పెట్టాలో ఎవరికీ తెలియదు గానీ, ఏం మాన్పించాలో అందరికీ తెలుసు.

నాకు మలేరియా మీద నమ్మకం కుదరలేదు. కాలువల పక్క ఊళ్లయితే సరే. ఆలూరు దగ్గర మెట్ట పొలాల్లో తాగడానికే నీళ్లు ఉండవు, ఇక దోమలెక్కడ పెరుగుతాయి? అదీగాక చలి లేదు, వణుకు జ్వరం లేదు. పైగా ఆ కాలివేలి నొప్పి నాకు మస్తాన్‌ను గుర్తుచేసింది. రక్తం నేనే తీశాను, నేనే రంగు వేశాను, నేనే చూశాను. కడపలో మస్తాన్ రక్తంలో చూసిన ఆ తెల్లని గుంపే మళ్లీ కనిపించింది. దీర్ఘకాలం సాగే రకం రక్తం కేన్సర్.

ఇప్పుడు అత్త అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆమె అడిగినది అసలైన ప్రశ్న. తిన్నదంతా ఏమైపోతోంది? తెల్లకణాలు లెక్కలేనన్ని పుట్టాలంటే వాటికి చక్కెర కావాలి, మాంసకృత్తులు కావాలి. అవి అడిగి తీసుకోవు. మనిషి పడుకుని ఉన్నా ఒళ్లు మాత్రం పని చేస్తున్నట్టే ఖర్చు పెడుతుంది. గిన్నె దించేశాక కూడా ఆరని పొయ్యి లాంటిది అది. ఆ మంటే చెమట, ఆ మంటే చలికాలంలో కూడా దుప్పటి తన్నేయడం. తిన్నది చాలకపోతే కండ కరిగించుకుంటుంది. మరోపక్క వాచిన ప్లీహం పొట్టను నొక్కేసి, రెండు ముద్దలకే నిండిపోయినట్టు చేస్తుంది. అంటే ఖర్చు పెరిగింది, ఆదాయానికి దారి మూసుకుపోయింది. ఆ పిల్ల సట్టిలో చెయ్యి పెట్టడం దొంగతనం కాదు. ఆమె ఒంటికి తెలిసిన ఒకే ఒక్క సరైన వైద్యం, కొంచెం కొంచెంగా చాలాసార్లు తినడం, అదే ఆమె చేసుకుంటోంది.

ఇంకో మాట. వేడి చేసిందన్న మాటను మా పెద్ద డాక్టరుగారు వెక్కిరించేవారు. వేడి నిజమే. ఒళ్లు నిజంగానే మండుతోంది. అత్త తప్పు వేడిని చూడటంలో లేదు, మంట ఎక్కువైందని ఇంట్లో గింజలు దాచేయడంలో ఉంది.

వార్డులో సంగటి

మర్నాడు తిమ్మప్పను పిలిచి, "ఈ ఊళ్లో మీకు తెలిసినవాళ్లున్నారా? సంగటి వండించి తీసుకురా. ఊరిబిండి కూడా. పెద్ద ముద్ద కాదు, చిన్న చిన్నవి. ఆమె పక్కనే పెట్టు. ఎప్పుడు అడిగితే అప్పుడు" అన్నాను.

"పెద్దాయన బార్లీ అన్యాడు గదా మేడం?"

"పెద్దాయనతో నేను మాట్లాడతాను. నువ్వు సంగటి తే."

తెచ్చాడు. ఉరుకుందమ్మ మంచం మీద కూర్చుని, మగవాళ్లు తిరిగే వరండాకు ఎదురుగా, కొంగు చాటు పెట్టుకుని తింటోంది. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరుగారు పరివారంతో వచ్చారు.

"ఇదేమిటి?"

"సంగటి సార్."

"అది నాకూ కనిపిస్తోంది. ఎవరు పెట్టమన్నారు?"

"నేనే సార్."

"మీరు కాన్పులు చూసుకోండమ్మా. బల్ల సంగతి మేం చూసుకుంటాం."

"కాన్పులు చూసుకుంటూనే ఉన్నాను సార్. ఈమె పొట్ట పెరిగితే నా దగ్గరికే పంపారు. తీరా చూస్తే బిడ్డ కాదు, ప్లీహం. రక్తం పలక మైక్రోస్కోపు కింద పెట్టి ఉంది, ఒక్కసారి చూడండి."

"నేను చూడకుండానే చెప్పగలను. మీరు ఇలాగే ఎదురు మాట్లాడితే బదిలీ చేయించవలసి వస్తుంది."

వార్డంతా వింటోంది. నాకు భయం వేసింది. వెయ్యలేదని అబద్ధం చెప్పను. కానీ ఉరుకుందమ్మ ముద్ద చేతిలో పట్టుకుని, తినాలా కింద పెట్టెయ్యాలా అని నా మొహం చూస్తోంది. ఆ చూపు ముందు వెనక్కి తగ్గితే నేను ఎందుకు చదువుకున్నట్టు?

"చేయించండి సార్" అన్నాను. "ఈమె తినడం అయ్యాక చేయించండి. నువ్వు తినమ్మా."

తిన్నది. పెద్ద డాక్టరుగారు గిరుక్కున తిరిగి వెళ్లిపోయారు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వచ్చి పలక చూశారని తర్వాత తెలిసింది. తప్పయిందని అనలేదు. అనేవాళ్లు ఆ కుర్చీల్లోకి రావడం నేను పెద్దగా చూడలేదు. కానీ చీటీలో బార్లీ కొట్టేశారు, మద్రాసు పెద్దాసుపత్రికి పంపే కాగితం మీద సంతకం పెట్టారు. బదిలీ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఎదిరిస్తే ఉద్యోగం పోతుందని మీకు చాలామంది చెబుతారు. ఒక్కోసారి పోతుంది కూడా. ఒక్కోసారి పోదు. ముందే లెక్కలు వేసుకుని కూర్చుంటే అవతల మనిషి చేతిలో ముద్ద అలాగే ఉండిపోతుంది.

మద్రాసుకు పంపే ముందు ఆమె నన్ను సూటిగా అడిగింది. "బతుకుతానా అమ్మా?"

మొగుడికి చెప్పాలి, ఆడమనిషికి చెప్పకూడదని అప్పటి పద్ధతి. నేను ఆమెకే చెప్పాను. "ఈ జబ్బు పూర్తిగా పోదు. మద్రాసులో ఎక్స్‌రే కిరణాలు పెడితే బల్ల తగ్గుతుంది, మంట తగ్గుతుంది. ఎన్నాళ్లో నేను చెప్పలేను. శానా ఏండ్లు మాత్రం కాదు."

ఆమె "ఉన్నన్ని దినాలు కడుపునిండా తింటే సాలు" అంది.

ఆలూరులో నీళ్లు

మద్రాసు నుంచి వచ్చేసరికి ఆమెను నేను గుర్తుపట్టలేదు. బల్ల బాగా తగ్గింది, బుగ్గలు తేలాయి, చెమట లేదు. ఒక ముద్ద నిండుగా తినగలుగుతోంది. ఇక్కడొకటి స్పష్టంగా చెప్పాలి. సంగటి కేన్సరును తగ్గించలేదు, తగ్గించదు. తిండితో ఈ జబ్బు నయం చేస్తామని ఎవరైనా వస్తే తరిమికొట్టండి. తగ్గించింది కిరణాలు. తిండి ఆమెను ఆ కిరణాలదాకా బతికించి తీసుకెళ్లింది, అంతే. ఆ 'అంతే' చిన్నది కాదు.

కిరణాలతో కణాలు కుప్పలుగా చస్తాయి కాబట్టి చెత్త మరీ ఎక్కువవుతుంది. మూత్రపిండాలు మూసుకుపోకుండా బాగా నీళ్లు తాగాలి. ఆలూరు మనిషికి బాగా నీళ్లు తాగమని చెప్పడమంటే ఏమిటో మీకు తెలియాలంటే ఎండాకాలంలో అక్కడికి వెళ్లి చూడండి. ఊరి బయట ఒక్క బావి, అడుగున బురద. నేను నాగమ్మనే పిలిచి చెప్పాను. ఆమె ముఖం మాడ్చుకుని వింది. తర్వాత తిమ్మప్ప చెప్పగా తెలిసింది, కోడలికి వేరే కడవ పెట్టి, ఆ నీళ్లు రోజూ తానే మోసుకొచ్చి పోసేదట. కొడుకు ముట్టుకున్నా అరిచేదట.

మరోసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఇంట్లో బాగా చూసుకుంటున్నారా అని ఉరుకుందమ్మను అడిగాను.

"సూస్తాండారమ్మా. ముందు నాకే పెడ్తాండారు. రోగమని నువ్వు సెప్తివి గదా." నా కళ్లలోకి చూసింది. "నువ్వు నా రక్తంలో ఏమీ ల్యాదని సెప్పింటే? అప్పుడు నేను దొంగనే గదా?"

ఆ పలకను చూసి గెలిచానని మురిసిపోయినదాన్ని నేను. ఆకలేస్తోందని ఒక ఆడమనిషి చెబితే చాలలేదు, మైక్రోస్కోపు సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాత రెండు సుగ్గిలు ఆమె చూసింది. రెండోదాంట్లో మళ్లీ మూట ఎత్తిందట. ఆపైన జబ్బు తిరగబెట్టింది, ఈసారి ఉధృతంగా. మద్రాసులోనూ ఏమీ చెయ్యలేకపోయారు. మా వార్డులోనే పోయింది. నేను ఏడ్చాను. డాక్టర్లు ఏడవకూడదని ఎవరైనా చెబితే వినకండి, ఏడ్చి మొహం కడుక్కుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లండి. అంతకంటే నియమం ఏమీ లేదు.

నాగమ్మ మళ్లీ వచ్చింది

కొంతకాలానికి నాగమ్మ నా ఓపీ ముందు కనిపించింది. జుట్టు బాగా నెరిసింది. వెంట ఒక చిన్నది, చిన్నకొడుకు పెళ్లామట, బిత్తరచూపులు చూస్తోంది.

"ఏమిటి నాగమ్మా?"

"దీని రగతం సూడమ్మా" అంది. "ఇది గూడా సట్టిలో సెయ్యి పెడ్తాండాది. దానికి మాదిరే. పోయినసారి నేను దయ్యమంటి, దొంగంటి. ఈసారి ఒగ మాట అనల్యా. బస్సెక్కించి తెస్తి. సూడు."

పొట్ట చూశాను. ప్లీహం తగల్లేదు. రక్తం నేనే తీసి, నేనే చూశాను. ఎర్రకణాల మధ్య అక్కడక్కడా తెల్లకణాలు, ఎంత ఉండాలో అంతే. ఆ పిల్లను పక్కకు పిలిచి అడిగితే చెప్పింది. తెల్లారకముందు లేస్తుంది, చేను పనీ ఇంటి పనీ చేస్తుంది, అందరూ తిన్నాక మిగిలితే తింటుంది. ఒక్కోరోజు మిగలదు.

బయటికి వచ్చి నాగమ్మకు చెప్పాను. "రక్తం బాగుంది. పొట్ట బాగుంది. ఏ జబ్బూ లేదు."

నాగమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "మరి యాలమ్మా అట్ల తింటాండాది?"

ఉరుకుందమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం నాకు అప్పుడొచ్చింది.

"ఆకలి, నాగమ్మా. ఉత్త ఆకలి. అది రోగం కాదు, దొంగతనమూ కాదు."

ఆమె వరండాలో కూలబడి, దారికని తెచ్చుకున్న సద్దిమూట విప్పింది. అందులో జొన్నరొట్టెలూ ఊరిబిండీ ఉన్నాయి. మూట మూటంతా కోడలి ఒళ్లో పెట్టింది. ఆ పిల్ల చుట్టూ ఉన్న మగవాళ్లను చూసి కొంగు లాక్కోబోతే నాగమ్మ ఆ కొంగు పట్టుకుని వెనక్కి లాగేసింది.

"యెవురు సూస్తే ఏమి? తినుమే."

వరండాలో తినకూడదని గోడ మీద రాసి ఉంది. వార్డుబాయ్ వాళ్లను లేపడానికి వస్తుంటే నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. ఆ పిల్ల తినడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.